ఖాళీగా వదిలిన గీతలు

దోహాలోని ముషైరిబ్ ప్రాంతంలో ఒక హోటల్లో జరుగుతున్న ఆఫీసు మీటింగు ఎగ్గొట్టి, అదే హోటల్ హాల్లో జాజ్ బృందం సాధన చేస్తుంటే వెనక కూర్చున్నాను. బెబాప్ అనే వేగమైన జాజ్ శైలి వెలిగిన కాలపు అమెరికన్ స్వరకర్త ఒకాయన కట్టిన బాణీలవి. పదహారు వాద్యాల్లో ఏది ఎప్పుడు పలకాలో ఆయనే రాసిపెట్టారు. ఆయన పోయి ఏళ్లయినా ఆ కాగితాలు ఇంకా దేశాలు తిరుగుతున్నాయి. పోస్టరు మీద చిన్న అక్షరాల్లో ఉన్న ఆయన పేరును నేను సరిగ్గా చదవనైనా లేదు.

ఆ కాగితాలను స్టాండ్ల మీద సర్దే రాజన్నది జగిత్యాల. ఊళ్లో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడట. నేను తెలుగువాణ్ణని తెలియగానే పక్కన వచ్చి కూర్చున్నాడు.

“మొదటిసారి ఆగమైన సార్. సాక్సోఫోన్ కాగితంల నడుమ ఉత్త గీతలే ఉన్నయి, స్వరాలు లేవు. జిరాక్స్ సక్కగ రాలేదనుకొని మూడుసార్లు తీసిన. బ్యాండోళ్లు నవ్విన్రు. రాసిన పెద్దమనిషే ఇడిచిపెట్టిండట, వాయించేటోడు తన మనసుల ఉన్నది వాయించుకోమని.”

“మీ బ్యాండులో అలా వదిలేవారా?” అని అడిగాను.

“యాడిది సార్! ఒక్క స్వరం ఎక్కువైతే మా మేస్త్రి కట్టె పట్టుకొని ఉరికొస్తుండె. అందరికీ రాసిచ్చేంత తెలివుండి, ఒక్కనికి జాగ ఇడిచిండంటే ఎంత దిల్ ఉండాలె!”

అంతలో ఆ ఖాళీ చోటు వచ్చింది. సాక్సోఫోన్ వాయించే అతను లేచి నిలబడ్డాడు. రాజన్న కళ్లు మూసుకున్నాడు. మోకాలి మీద అతని వేళ్లు క్లారినెట్ పట్టుకున్నట్టే ఆడుతున్నాయి. అవి వాయిస్తున్నది సాక్సోఫోన్ పాట కాదు.