కారం మిల్లు అంకమ్మరావు, బంతిపాము

ఎండాకాలం వచ్చిందంటే అద్దంకి బస్టాండు వెనక వీధిలో అంకమ్మరావు కారం మిల్లు ముందు ఆడవాళ్ళు కుర్చీలు వేసుకుని మరీ కూర్చుంటారు. కాయ అప్పజెప్పి ఇంటికి పోయి మళ్ళీ రావచ్చు కదా అంటే ఒక్కరూ కదలరు. తమ కాయ తమ కళ్ళ ముందే మరలో పడాలి, తమ కారం తమ డబ్బాలోకే రావాలి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా సరే, మర మీంచి చూపు తిప్పరు. మేలు కాయ దాచుకుని తాలు కాయ కలుపుతాడేమోనని వాళ్ళ భయం. అంకమ్మరావు ఎన్నడూ గుప్పెడు కాయ దాచిన మనిషి కాదు. అయినా ఆ చూపులు తప్పలేదు.

పెళ్ళికి ముందు నుంచీ అన్ని కళ్ళ మధ్య బతికిన మనిషికి ఆ జబ్బు అంటుకోకుండా ఎలా ఉంటుంది? అనుమానం పెనుభూతం అంటారు. అంకమ్మరావు ఆ భూతానికి పూటపూటా అన్నం పెట్టి సాకాడు. పాలవాడి క్యాను మూత తనే తీసి చూస్తాడు. బస్సులో పక్కవాడు కునుకు తీస్తే నిజం కునుకా, దొంగ కునుకా అని ఓ కంట కనిపెడతాడు. కూతురు శ్రీదివ్య పసిదిగా ఉన్నప్పుడు తను ఎత్తుకుంటే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. అది అత్తగారు నేర్పిన ఏడుపని తేల్చేశాడు. నెలల పిల్లకు ఏడుపెలా నేర్పుతారయ్యా అంటే, "వాళ్ళకు తెలుసు" అనేవాడు. ఇప్పుడు ఆ శ్రీదివ్యకే ఒంగోలులో ఒక పాప పుట్టింది. ఆ పాపా అంతే, తాత చేతుల్లోకి రాగానే ముక్కు ఎగబీల్చి రాగం అందుకుంటుంది. ఇది వియ్యపురాలి పనితనమని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒంగోలు వెళ్ళినా వాళ్ళింటికి వెళ్ళడం మానేశాడు.

సంక్రాంతి ముందు మర బెల్టు కోసం అలాగే ఒంగోలు వెళ్ళాడు. బెల్టు కొట్టు పక్కన మాలిక్ అనే కుర్రాడిది చేపల తొట్ల దుకాణం. అందులో ఒక గాజుపెట్టె అడుగున గోధుమరంగు, నలుపు మచ్చలతో చుట్టచుట్టుకుని ఏదో ఉంది. రబ్బరు బొమ్మ అనుకున్నాడు అంకమ్మరావు. కాదని తెలిశాక రక్తపింజర పిల్లనుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

"పింజర కాదు అంకుల్, బాల్ పైథాన్. విషం లేదు. ఆఫ్రికా జాతి" అన్నాడు మాలిక్.

"కొండచిలువను పెంచితే జైల్లో వేస్తారంట కదా?"

"మన అడవుల్లో కొండచిలువనైతే వేస్తారు. ఇది విదేశీది. అటవీశాఖలో నమోదు చేయించుకోవాలి. నా కాగితాలు చూడండి."

కాగితాలు అటూ ఇటూ తిప్పి, వెలుగులో పెట్టి మరీ చూశాడు అంకమ్మరావు. ఇంతలో ఎవరో గాజు మీద వేలితో టకటక కొట్టారు. పాము వెంటనే తల లోపలికి లాక్కుని, ఒంటిని దాని చుట్టూ బిగించి, అచ్చం బంతిలా అయిపోయింది. ఎంతసేపటికీ విప్పుకోలేదు. అంకమ్మరావుకు ఒక్కసారిగా గుండె కరిగిపోయింది. దీనికీ ఎవరి మీదా నమ్మకం లేదన్నమాట! ఇన్నేళ్ళకు తన మాదిరి ప్రాణి ఒకటి కనిపించింది.

మిల్లుకు బెల్టు తెస్తానని వెళ్ళిన మొగుడు పాముతో వచ్చేసరికి సుబ్బరావమ్మ అరుగు మీద నుంచి కదల్లేదు.

"అది నా గడప దాటి లోపలికి వచ్చిందంటే నేను గడప దాటి బయటికి పోతా" అంది.

దాంతో పాము కాపురం మిల్లుకూ ఇంటికీ మధ్యనున్న సామాన్ల గదిలో మొదలైంది. మాలిక్ చెప్పినవన్నీ అంకమ్మరావు పొల్లుపోకుండా చేశాడు. మూత గట్టిగా బిగిసే పెద్ద ప్లాస్టిక్ పెట్టెకు గాలి కన్నాలు పెట్టాడు. ఒక చివర కింద వెచ్చదనమిచ్చే పట్టా, అది మరీ కాగిపోకుండా కనిపెట్టే మీట. దాక్కోవడానికి బోర్లించిన కుండ పెంకులు, తాగడానికి తెల్ల పింగాణీ గిన్నె. వారానికో ఎలుకపిల్ల. అవి మాలిక్ దగ్గర మంచుపెట్టెలో గడ్డకట్టించినవి దొరుకుతాయి, వేడినీళ్ళలో నానబెట్టి చేత్తో తుడిచి పట్టకారుతో అందించాలి. మిల్లునిండా ఎలుకలుండగా ఎలుకను కొనుక్కొచ్చే మొనగాణ్ణి ఊళ్ళో అందరూ చూసి నవ్వారు. మిల్లు ఎలుక కరిస్తే పాముపిల్లకే గాయమవుతుందని మాలిక్ చెప్పాడని అంకమ్మరావు వాదించేవాడు.

మొదట్లో అంతా సజావుగా సాగింది. మిల్లుకు పెద్దగా పనిలేని రోజులవి. స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని సాయంత్రాలు పాము దగ్గర కూర్చునేవాడు. బంతి మెల్లగా విప్పుకుని మణికట్టు చుట్టూ పాకేది, నాలుక ఆడిస్తూ ఆయన వేళ్ళను వాసన చూసేది. తన చేతిలోంచి తప్పించుకోవాలని చూడని ప్రాణి అదొక్కటే. ఆ మాట పైకి ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ సాయంత్రాల కోసమే ఎదురుచూసేవాడు.

కల్లాల్లో కాయ ఎండి, ఊరంతా ఏడాది కారం ఆడించుకునే రోజులు వచ్చాయి. మర పొద్దుటి నుంచి ఆగడం లేదు. సరిగ్గా అప్పుడే పాము తిండి మానేసింది. ఎలుకపిల్లను ముందు పెడితే తల తిప్పేసుకుంది. మరుసటి వారమూ అంతే. చేతిలోకి తీసుకుంటే బంతిలా బిగిసిపోతోంది. ఒళ్ళు చిక్కి వెన్ను తేలింది. నోరు కొద్దిగా తెరిచి, ఊపిరి తీస్తుంటే గుర్రుమని చప్పుడు.

అంకమ్మరావు మాలిక్‌కు ఫోన్ చేశాడు.

"ఈ జాతి అప్పుడప్పుడు తిండి మానేయడం మామూలే అంకుల్. కానీ ఆ గుర్రు మాత్రం మంచిది కాదు. గదిలో ఘాటు ఏమైనా ఉందా? డాక్టరుకు చూపించండి."

ఫోన్ పెట్టేసి, "రోగిష్టి సరుకు అంటగట్టి గాలి మీదకు తోసేస్తున్నాడు" అనుకున్నాడు అంకమ్మరావు.

తర్వాత అనుమానం పక్క పంక్చర్ల కొట్టు ఇషాక్ మీదకు మళ్ళింది. అతను రోజూ కిటికీలోంచి తొంగిచూసి, "అన్నా, నాకెందుకో ఇది పింజరే అనిపిస్తోంది. పిల్లలు తిరిగే వీధి, జాగ్రత్త" అంటాడు. అన్నవాడు ఊరుకుంటాడా? ఆ ఆలోచనలోనే నీళ్ళు మారుద్దామని గిన్నె తీస్తే, అడుగున ఎర్రటి మడ్డి కనిపించింది. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు. కారం.

పాములు రాకుండా గడపల్లో కారం చల్లడం ఆ ప్రాంతంలో ఎవరికైనా తెలిసిన పనే. ఎవరో కావాలని తన పాము తాగే నీళ్ళలో కారం కలుపుతున్నారు. చంపేస్తున్నారు దాన్ని!

పోలీసులకు కుక్కలుంటే మిల్లువాడికి పిండి ఉంది. ఆ సాయంత్రం మర ఆపాక గిన్నె కడిగి కొత్తనీళ్ళు పోశాడు. మిల్లు వైపు గుమ్మంలో, ఇంటి వైపు గుమ్మంలో, కిటికీ కింద మెత్తటి బియ్యప్పిండి జల్లాడు. ఎవరు అడుగుపెట్టినా అచ్చు పడి తీరుతుంది. తెల్లారి వచ్చి చూస్తే పిండి చెక్కుచెదరలేదు. బయటికి పోయిన తన చెప్పుల అచ్చులు తప్ప మరొకటి లేదు. గిన్నెలో మాత్రం ఎర్రమడ్డి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అంకమ్మరావు మాత్రం పట్టేశాననుకున్నాడు. గిన్నె పట్టుకుని నేరుగా వంటింట్లోకి పోయాడు.

"ఎందుకు చేశావే ఈ పని? ఇష్టం లేకపోతే అవతల ఇచ్చేసేవాణ్ణిగా. నోరులేని జీవికి కారం పెడతావా?"

సుబ్బరావమ్మ గిన్నెలోకి చూసింది, మొగుడి వైపు చూసింది.

"నేను పెట్టానా? నీ పిండి మీద నా అడుగు పడిందా?"

"పడకుండా పెట్టావు. అదే నీ తెలివి."

ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత వచ్చిన కోపానికి చేతిలో గరిటె గోడకు తగిలింది. ఇంకో తెల్ల గిన్నె తీసి మంచినీళ్ళు పోసి ఆయన ముందు పెట్టింది.

"వేళ్ళు ముంచు."

"ఎందుకు?"

"ముంచమంటున్నానా!"

ముందురోజంతా కాయ ఆడించి, పైపైన కడుక్కున్న చేయి అది. ముంచాడు. గోళ్ళ సందుల్లోంచి, వేళ్ళ ముడతల్లోంచి ఎరుపు సన్నగా దారాల్లా దిగింది. చూస్తుండగానే అడుగున మడ్డి పేరుకుంది.

"అందరికీ చేతులు మండితే తెలుస్తుంది. నీ చేతులు మొద్దుబారి ఏళ్ళయింది. కారం ఉందో లేదో నీకేం తెలుసు? ఆ చేత్తోనే నీళ్ళు పెడతావు, ఆ చేత్తోనే ఎలుకను తుడుస్తావు, ఆ చేత్తోనే దాన్ని ఒళ్ళంతా నిమురుతావు. సీజను రాగానే ఏకంగా మర పక్క నుంచే వచ్చి కూర్చుంటున్నావు. అది తింటుందా, ఊపిరి పీలుస్తుందా?"

అంకమ్మరావు నీళ్ళలోంచి చేయి తీయలేదు.

"శ్రీదివ్యను ఎత్తుకున్నప్పుడూ ఇంతే" అంది సుబ్బరావమ్మ. గొంతు తగ్గింది. "చంటిదాని బుగ్గలు ఎర్రగా కందిపోయేవి. కడుక్కుని రావయ్యా అని ఎన్నిసార్లు చెప్పాను? పిల్లను దగ్గరికి రానీకుండా మా అమ్మ నేర్పిన మాటన్నావు. ఇక చెప్పడం మానేశాను. పిల్ల నిన్ను చూసి ఏడవలేదయ్యా."

ఏళ్ళ తరబడి అత్తగారి మీద మోపిన నేరం, వియ్యపురాలి మీద మోపిన నేరం ఆ గిన్నె అడుగున కనిపిస్తున్నాయి. దొంగ దొరికాడు. అంకమ్మరావు కళ్ళు తుడుచుకోబోయాడు. సుబ్బరావమ్మ చటుక్కున ఆయన చేయి పట్టుకుంది.

"ఆ చేత్తో కాదు" అని తన కొంగుతో తుడిచింది.

ఆ రోజు మిల్లు తెరవలేదు. కుర్చీలతో వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళారు. పామును పెట్టెతో సహా గుంటూరులో పక్షులనూ పాములనూ చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఊపిరితిత్తుల్లో వాపు అంది, సూదిమందు రాసింది, ఆలస్యం చేసి ఉంటే దక్కేది కాదంది. మిల్లు గాలి తగలని చోట ఉంచమంది. ఆ ఇంట్లో మిల్లు గాలి తగలని చోటు ఒక్కటే, అవతలి వైపు పడకగది. పెట్టె గడప దగ్గరికి వచ్చేసరికి అంకమ్మరావు ఆగిపోయాడు. సుబ్బరావమ్మ తలుపు బార్లా తీసి, "నా చీరల బీరువా వైపు మాత్రం పెట్టకు" అంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో కొత్త ఆచారం మొదలైంది. అంకమ్మరావు పెరట్లోనే చొక్కా విప్పి, చేతులకు నూనె పట్టించి, శెనగపిండితో రుద్ది, తలస్నానం చేసి వస్తాడు. సుబ్బరావమ్మ ఆయన చూపుడువేలు నాలుక కొసకు తాకించి చూస్తుంది. "ఇంకా ఉంది, పో" అంటే మళ్ళీ పెరట్లోకి పోవాల్సిందే. తన మాట తప్ప మరొకరి మాట నమ్మని మనిషి నోరెత్తకుండా పోయేవాడు. కొన్నాళ్ళకు గుర్రు తగ్గింది. ఒక సాయంత్రం పాము పెంకు కింద నుంచి తల బయటపెట్టి, ఎలుకపిల్లను ఒక్క ఊపున అందుకుని చుట్టేసింది. తలుపు చాటు నుంచి చూస్తున్న సుబ్బరావమ్మ, "తిందయ్యా!" అని అరిచింది.

పామును చూడాలని శ్రీదివ్య పాపతో వచ్చింది. కూతురు గుమ్మంలోకి రాగానే అంకమ్మరావు చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తండ్రికి తన అత్తగారి మీద కోపం ఇంకా తగ్గలేదనుకుంది శ్రీదివ్య.

సుబ్బరావమ్మ వెళ్ళి ఆ చేయి ముందుకు లాగింది. వేలు నాలుకకు తాకించుకుంది. ఒకసారి చాలక రెండోసారీ చూసింది.

"ఏం లేదమ్మా. ఇవ్వు పాపను."

పాప తాత చేతుల్లోకి వచ్చి ఆయన ముఖంలోకి చూసింది. ముక్కు ఎగబీల్చింది. అంకమ్మరావు ఊపిరి బిగబట్టాడు. పాప ఒక్క తుమ్ము తుమ్మింది.

"తుమ్మిందే!" అన్నాడు బెదురుగా భార్య వైపు చూస్తూ. "సరిగ్గా చూశావా?"

"పిల్లలు తుమ్ముతారయ్యా" అంది సుబ్బరావమ్మ.

పాప ఆయన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఏడవలేదు.