చప్పుడు లేని బండి

మా ఇంట్లో కొత్తగా బిగించిన సీలింగ్ ఫ్యాను మీద నాకొక ఫిర్యాదు ఉంది. అది చప్పుడు చేయదు. పాత ఫ్యాను టకటకమని తిరుగుతుంటే కరెంటు ఉందో పోయిందో పక్కింటివాళ్లకు కూడా తెలిసేది. ఇప్పుడు మా అమ్మ మంచంలో పడుకుని, చెయ్యి పైకెత్తి, గాలి తగులుతోందో లేదో చూసుకుంటుంది.

"ఏం చేస్తున్నవే అమ్మా?"

"కరెంటును అడుగుతున్న, ఉన్నవా పోయినవా అని."

అమ్మకు కళ్లలో నీటికాసులు. చూపు ఏటికేడు పక్కల నుంచి మూసుకొస్తోంది. దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి నెలకోసారి హైదరాబాదు కంటి దవాఖానకు తీసుకుపోవాలి. మెట్టు కనబడక బస్సు దగ్గర రెండుసార్లు పడ్డాక, కారు కొనక తప్పదనుకున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడికి పెట్రోలు బరువు. ఎలక్ట్రిక్ కారైతే రాత్రి ఇంట్లోనే ప్లగ్గు పెట్టుకోవచ్చన్నారు.

నా కోరిక పెద్దదేమీ కాదు. కారులా కనిపించే కారు, చిన్నది, నా జీతం చూసి నవ్వనిది. నాలుగు తలుపులు, తలుపుకో పిడి. నల్లగొండలో తిరిగితే ఒకటి హెల్మెట్టులా ఉంది. ఒకదానికి ముఖమే లేదు. ఇంకొకదాని పిడి తలుపులోకి దూరి దాక్కుంది.

"దగ్గరికి వోతే అదే బయటికొస్తది సార్," అన్నాడు షోరూం అతను.

దగ్గరికి పోయాం. రాలేదు.

"జర ఆగుండ్రి సార్. ఆలోచిస్తాంది."

ధర విన్నాక నేనూ ఆలోచించాను. అంతసేపు పట్టలేదు. తడుముకుంటూ బతికే మనిషికి తడిమినా దొరకని తలుపు పెట్టడం ఎవరికి తట్టిందో గానీ, నాకు కావలసింది మామూలు కారని అతనికి చెప్పి, ఫోన్ నంబరిచ్చి వచ్చేశాను.

ఆ ఏడాదే మా వాడకట్టులోకి ఎలక్ట్రిక్ స్కూటరు ఒకటి వచ్చింది. రోడ్డు మధ్యలో పడుకునే ముసలి కుక్క మాకుండేది. బస్సుకు లేచేది. ట్రాక్టరుకు లేచేది. స్కూటరుకు లేవలేదు, దాని కిందే పడి చచ్చింది. పాపం, కుక్కకు చెవుడొచ్చిందని అందరం అనుకున్నాం. అంతకుమించి ఆలోచించినవాడు లేడు, నాతో సహా.

యాసంగి వరి కోతలయ్యాక మా ఊళ్లో తారురోడ్డు సగమే వాహనాలది. మిగతా సగం వడ్లది. అంచున రాళ్లు పేర్చి వడ్లు ఆరబోస్తారు. అమ్మ ఎంత చెప్పినా వినదు, కొంగు నెత్తిన వేసుకుని, కాళ్లతో చాళ్లు తీసి వడ్లు నెరుపుతూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. వెనక నుంచి ఏదొచ్చినా తిరిగి చూడదు; చూసినా లాభం లేదు. చెవులతో చూస్తుంది.

"గది పాల ఆటో. గది సర్పంచు ట్రాక్టరు, సైలెన్సరు వగిలింది," అంటూనే ఒక అడుగు పక్కకు జరుగుతుంది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజుల్లోనే షోరూం అతను ఫోన్ చేశాడు. "మీరు చెప్పిన అసొంటి బండే వచ్చింది సార్. పిడులు బయటనే ఉన్నయి." మర్నాడు పొద్దున్నే ఊళ్లోకే తెచ్చాడు. తెల్లటి చిన్న కారు. కారులాగే ఉంది. ధర కూడా నా అందుబాటులోనే ఉంది. ఇంత మామూలు వస్తువును చూసి అంత సంతోషపడటం నాకే సిగ్గనిపించింది.

ఊరి చివరిదాకా నడిపి తిప్పుకొస్తుంటే దూరంగా అమ్మ వీపు కనిపించింది.

"హారన్ కొట్టకుండ్రి సార్," అన్నాడతను. "ఎంత సైలెంటో అమ్మను చూడనియ్యుండ్రి."

అమ్మను ఆశ్చర్యపరచాలని నాకూ అనిపించింది. కొట్టలేదు. మెల్లగా పోనిచ్చాను. దారిలో పిచ్చుకలు వడ్లు తింటున్నాయి. కారు పక్కనుంచి పోయినా ఒక్కటీ లేవలేదు. అది చూసి నేను మురిసిపోయాను.

దగ్గరయ్యేసరికి గమనించాను. అమ్మ రాళ్ల వరుస దాటి ఇవతలికొచ్చింది. వెనక్కి నడుస్తూనే ఉంది. బ్రేకు మీద కాలు పెట్టాను. కారు ఆగింది. అమ్మ ఆగలేదు. ఇంకో అడుగు, ఇంకో అడుగు. హారన్ కొడితే బెదిరి పడిపోతుందేమోనని చెయ్యి స్టీరింగు మీదే ఉండిపోయింది. ఆమె నడుము బానెట్టుకు తగిలింది.

తిరగకుండానే చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది.

"ఎవలదే గీ బర్రె?" అంది. మళ్లీ తడిమింది. ఇంజనుంటే ఉండాల్సిన వేడి లేదు. చెయ్యి దీపం అద్దం మీదికి పాకింది. అక్కడ ఆగిపోయింది.

నేను దిగాను. "నేనే అమ్మా. చెప్పిన గద, కారు."

"ఎంతసేపైంది ఎన్కకొచ్చి?"

"ఇప్పుడే."

షోరూం అతను నవ్వుతూ దిగి, ఎంత మెత్తగా పోతుందో, అమ్మగారికి కూడా తెలియలేదని చెప్పాడు. అమ్మ చెయ్యి ఇంకా కారు మీదే ఉంది. ముఖం నేను ఇప్పుడున్న వైపు కాదు, ఇందాక నా గొంతు వినిపించిన వైపు తిప్పింది.

"కొనుక్కో బిడ్డా," అంది. "నన్ను దవాఖానకు తోల్కవోయే పని తప్పుతది."