బుల్వార్ లోపలి అత్త

మా చిన్నప్పుడు... బస్సెక్కి పాండికి పోవడమంటే పండగే. మేముండే కిరుమాంబాక్కం కూడా పుదుచ్చేరిలోదే. అయినా మాకు పాండి అంటే బుల్వార్ రోడ్డు చుట్టిన ఆ నడి ఊరే. గుడ్డలు, మందులు, పుస్తకాలు... ఏది కావాలన్నా అక్కడికే పోవాలి.

అక్కడ మా నాన్న అక్క ఉండేది. "మేము బుల్వార్ లోపలోళ్ళం" అని రోజుకోసారైనా అనకపోతే అత్తకి అన్నం సయించేది కాదు. మేమేమో ఆవిడకి పట్టికాడు జనం... అంటే పల్లెటూరి మొద్దులం. అమ్మ మోసుకెళ్ళిన వేరుశనక్కాయలు, గోంగూర మాత్రం దర్జాగా లోపలికి పోయేవి. మేము వీధి తిన్నె మీదే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి, ఎండలో బజారంతా తిరిగి అత్త ఇంటికి చేరాం. ఒంటికి వెళ్ళాలని అత్త చెవిలో చెప్పాను. అత్త నా దుమ్ము కాళ్ళ వంక చూసింది.

"కొత్తగా టైల్స్ వేసుండాం పాపా... మీకేంది, బస్టాండులో పోండి."

బస్టాండు దాకా ఆగలేకపోయాను. నడివీధిలో గౌను తడిసిపోయింది... అమ్మ కొంగు అడ్డం పెట్టి నన్ను నడిపించుకెళ్ళింది. ఒక్క మాట అనలేదు. బస్సులోనూ అనలేదు, ఇంటికొచ్చీ అనలేదు. అమ్మకి రోషం లేదనుకున్నాను. నేనే పళ్ళు కొరుక్కుంటూ పెరిగాను.

ఇప్పుడు చూడండి... కాలేజీలు, ఆస్పత్రులు, కల్యాణ మండపాలు మా కడలూరు రోడ్డు మీదికి వచ్చేశాయి. ఫ్యాక్టరీ ఉద్యోగాలు బుల్వార్‌కి బయట, సేదరపేట్‌లో. అత్త వీధిలో మిగిలినవి కాఫీ షాపులు, లాడ్జీలు... శని, ఆదివారాలు వస్తే బయటూరి కార్లు ఆవిడ గుమ్మానికే అడ్డం. చివరికి కొడుకు ఆ ఇల్లు కూడా లాడ్జీకి ఇచ్చేశాడు.

పోయిన నెల అత్త మా ఇంటికి వచ్చింది. మా మేడ మీద ఇల్లు అద్దెకి కావాలట... మనవడి కాలేజీ మా రోడ్డులోనే.

"మీ మాడి ఖాళీగా ఉండాదంటనే పాపా. యాడికి పోవాలన్నా ఈడనించే సులువు."

ఎన్నాళ్ళ ఎదురుచూపో... ఆ రోజు సంగతి నోరారా అడిగేశాను. అత్త తెల్లమొహం వేసింది.

"నేనా అట్లంటిని? జ్ఞాపకం లేదే తల్లీ."

అబద్ధం కాదు, నిజంగానే మరిచిపోయింది. ఆ ముసలి మొహం చూసి నా మనసు కరిగింది. తాళంచెవి తెద్దామని లేచాను.

పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తలెత్తలేదు.

"నాకు జ్ఞాపకముండాది వదినా. మాడి ఇయ్యము. కాఫీ తాగి పోండి."

అత్త కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. పాపం అనిపించిందా అంటే... లేదు. ఆ పూట అమ్మ రెండు ముద్దలు ఎక్కువే తింది.

పాత పాండి పోయిందని అందరూ బెంగపడుతున్నారు. ఆ బజార్లంటే నాకూ ప్రేమే... కానీ పట్నం మా గుమ్మం దాకా నడిచొచ్చినందుకు మాత్రం నా కడుపు నిండింది.

మీ ఇళ్ళలోనూ నోరెత్తని అమ్మలు ఉండే ఉంటారు... వాళ్ళు ఏదీ మరిచిపోలేదని మీకెప్పుడు తెలిసింది?