ఫోన్ నంబరు ఒక్కటే ఇచ్చాను

లెఫ్ట్ ప్రభుత్వం చివరి రోజుల్లో కలకత్తాలో మా తెలుగు సంఘానికి వెబ్‌సైట్ నేనే తయారుచేశాను. సంఘం ఆఫీసుకి టైపిస్టు కావాలని ప్రకటన పెట్టి, కింద ఫోన్ నంబరు ఇచ్చాను. ఈమెయిల్, చిరునామా ఎందుకులే అనుకున్నాను.

ఉద్యోగం వేరొకరికి ఇచ్చేసిన మర్నాడు టికియాపారా బస్తీ నుంచి ఒక తల్లీ కూతురూ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. అమ్మాయి తన టైపింగ్ సర్టిఫికెట్ నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడా రావడం? ముందే ఒక్క ఫోన్ చేయలేకపోయావా?" అని విసుక్కున్నాను.

అమ్మాయి నా పెదవులకేసే చూస్తోంది. తల్లి అందుకుంది.

"దానికి ఇనపడదు బాబూ. నాను ఫోన్ చేస్తే, ఉజ్జోగం కావలసినోలే మాటాడాలని పెట్టీసినారు. ఆల్నీ ఈల్నీ అడిగి మీ ఆపీసు కనుక్కునేసరికి ఇన్నాల్లయిపోనాది."

అలా అని ఫోన్ పెట్టేసింది నేనే.

ఉద్యోగం భర్తీ అయిపోయిందని కాగితం మీద రాసి చూపించాను. అమ్మాయి చదివి, తలూపి, సర్టిఫికెట్ తీసుకుని తల్లితో మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే వెబ్‌సైట్లో ఈమెయిల్, చిరునామా చేర్చాను. పది నిమిషాల పని. చేతిలో కలం, కాగితం ఉండి కూడా, తప్పు నాదేనని ఆ అమ్మాయికి ఒక్క ముక్క రాసి చూపించలేదు. ఇన్నేళ్లయినా నన్ను బాధపెట్టేది అదే.