రిజిస్టరులో లేని మూడు రోజులు

2023లో, పెనుకొండ కోర్టులో నా వకాలతుకు పంతొమ్మిదో ఏడు నడుస్తున్నప్పటి మాట. ఒక ఉదయం సుగుణమ్మ అనే ఆమె క్యారియర్ పట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. భర్త ప్రభుదాసు ధర్మవరంలో పెళ్లి వీడియోలు తీస్తాడు. ఒక పెళ్లి జంటను డ్రోన్‌తో తీస్తుంటే అది గాలికి కొట్టుకుపోయి, కాపలా ఉన్న ఒక ప్రభుత్వ స్థలంలో పడిందట. వెతుక్కుంటూ వెళ్లినవాణ్ని పోలీసులు పట్టుకుపోయారు. ఆ స్టేషన్ పేరు చెప్పను.

"మూడు దినాలాయ మేడమ్. ఈడ లేడు పో అంటాండారు. క్యారియర్ మాత్రం తీసుకుంటాండారు. ఖాళీగా తిరిగొస్తాంది" అంది.

నాకు ఒళ్లు మండింది. అరెస్టు చేసినవాణ్ని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది. వెంటనే సెర్చ్ పిటిషన్ వేశాను. అంటే, అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికించమని అడిగే అర్జీ. మేజిస్ట్రేటు ఒక న్యాయవాదిని కమిషనర్‌గా నియమించి పంపారు. నేనూ వెంట వెళ్లాను.

రిజిస్టరులో ప్రభుదాసు పేరు లేదు. వెనక గదిలో మనిషి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే, ఎవరూ అడక్కుండానే, "నన్ను కొట్టలేదని రాసుకోండి మేడమ్" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ గుమ్మంలో ఉన్న ఇన్‌స్పెక్టర్ వైపే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఏమీ తడబడలేదు. "దేశ భద్రత మేడమ్. రోజులు మారినాయి. పైన డ్రోన్లు తిరుగుతాంటే మేము గడియారం చూసుకుంటా కూర్చోవల్లా?"

"దేశం రెండు ముక్కలై, రైళ్లలో శవాలు వస్తాన్న రోజుల్లో కూర్చుని రాజ్యాంగం రాసినోళ్లు ఆ ఇరవై నాలుగు గంటలు పెట్టినారు సార్. వాళ్లకు భయం తెలీదనుకుంటాండారా?" అన్నాను.

నేరం జరగకముందే పట్టి ఉంచే ముందస్తు నిర్బంధానికి కూడా ఆ పెద్దలే దారి పెట్టారు. కాకపోతే దానికి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి, కారణం చెప్పాలి. ఇక్కడ చిన్న కాగితం ముక్క కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే అతన్ని కోర్టుకు తెచ్చారు. ఆ రోజు ఉదయమే అరెస్టు చేశామని రాసుకొచ్చారు. కమిషనర్ నివేదిక చదివిన మేజిస్ట్రేటు రిమాండ్‌కు ఒప్పుకోక, సొంత పూచీకత్తుపై వదిలేశారు. అనుమతి లేకుండా ఎగరేసినందుకు తర్వాత జరిమానా పడింది. అది న్యాయమే. ఇన్‌స్పెక్టర్ మీద నేనిచ్చిన ఫిర్యాదుకు మాత్రం ఇంతవరకు జవాబు లేదు. ప్రభుదాసు మళ్లీ డ్రోన్ ముట్టలేదు.

డ్రోన్ ప్రమాదకరం కాదని నేననను. దానికి కొత్త చట్టం కావాలంటే చేయండి, చదువుకుని వాదిస్తాను. ఈ కేసు తర్వాత మాత్రం దేశ భద్రత అనే మాట ఎవరి నోట విన్నా, నేను మొదట అడిగేది ఒక్కటే: ఆ మనిషి పేరు ఏ పుస్తకంలో రాశారు, చూపించండి.