చౌడప్ప పెట్టిన ప్రతిపాదన

ధర్మవరంలో ఒక చిన్న చేనేత సంఘం. ముప్పై ఏళ్లుగా ఎవరు ఏ ప్రతిపాదన పెట్టినా లేచి "బలపరుస్తాండా" అనే మనిషి చౌడప్ప. సొంతంగా ఒక్కటీ పెట్టలేదు. మొన్నటి సమావేశంలో మాత్రం ముందుగా ఆయనే లేచాడు.

"మగ్గానికి దారం కండెలు చుట్టేది ఆడోళ్లు. సభ్యత్వం మాత్రం మనకే. వాళ్లకూ ఇయ్యాలని నా ప్రతిపాదన." ఆ ఊపులోనే, "బలపరుస్తాండా" అనేశాడు.

హాలంతా గొల్లుమంది.

"ఏమప్పా, నువ్వే పెట్టి నువ్వే బలపరిస్తే ఎట్ల? ఇంకొకరు లేయాల, అందరూ చేతులెత్తాల. అంతదాకా అది నీ కోరికే, సంఘం తీర్మానం కాదు," అన్నాడు అధ్యక్షుడు మురళీధర్.

నవ్వులు ఆగాయి. ఎవరూ లేవలేదు. కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాసిన భార్య నాగరత్నమ్మకు ఏం చెప్పాలో అనుకుంటూ చౌడప్ప వరుసగా అందరి మొహాలూ చూశాడు.

చివరికి పక్కింటి రామాంజనేయులు లేచాడు. "మా ఇంట్లోనూ చుట్టేది ఆడోళ్లే గదబ్బా. నేను బలపరుస్తాండా."

ఒక్కొక్క చెయ్యే లేచింది. తీర్మానం పుస్తకంలోకెక్కింది.

ఇంటికొచ్చి చెప్తే నాగరత్నమ్మ నమ్మలేదు. "రేపు మాట మార్చరు గదా?"

"మార్చేకి అది నా ఒక్కడి మాట కాదు మే. ఇప్పుడు సంఘం మాట."

ఆమె రాట్నం ఆపింది. "ఐతే అప్లికేషన్ యాడుండాది?"