గొట్టం దగ్గర మేస్త్రమ్మ

ఐదంతస్తుల భవనంలో పైఅంతస్తు గోడలు కూలగొడుతున్నారు. ఆ ఇటుక ముక్కలను కిందికి దించే బాధ్యత మేస్త్రమ్మది. ఇరవయ్యేళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని మెట్లు ఎక్కి దిగిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఈ గొట్టం పని నేర్చుకుంది. అడుగు కోసేసిన డ్రమ్ములను గొలుసులతో ఒకదాని కింద ఒకటి కట్టించి, కిటికీ నుంచి వేలాడదీయిస్తుంది. పైన వేసిన ముక్క అటూ ఇటూ ఎగరకుండా కింద తొట్టెలో పడుతుంది.

తొట్టె చుట్టూ తాడు కట్టి కాపలా కాసేది ఆమె భర్త. అతను ఈల ఊదితేనే పైన తట్ట కదలాలి. మధ్యమధ్యలో ఆ గొట్టంలోనే వాళ్ల కాపురం.

"ఏమయ్యా, నీళ్లు తాగావా?"

"తాగానే. అలా అరవకు, తొట్టె అదిరిపోతోంది!"

కూలీలు పడీపడీ నవ్వేవారు.

మూడో రోజు పొద్దున ఈల వినపడలేదు. మేస్త్రమ్మ గొట్టంలోకి రెండుసార్లు పిలిచింది. జవాబు లేదు. వెంటనే చెయ్యెత్తి పని ఆపించింది.

సూపర్‌వైజర్ చిటపటలాడాడు. "లారీ వచ్చేస్తోందమ్మా! నాలుగు ముక్కలు వేస్తే కొంప మునుగుతుందా?"

"మునిగితే మన కొంప కాదు సార్, కింద నిలబడ్డవాళ్లది. అక్కడెవరున్నారో నాకు తెలియాలి."

ఆ మోకాళ్లతోనే మెట్లు దిగింది. భర్తను తిట్టుకుంటూ బయలుదేరింది గానీ, రెండో అంతస్తుకు వచ్చేసరికి తిట్లు మాని గబగబా దిగింది.

కింద తాడు లోపల, తొట్టెలోకి వంగి ఉన్నాడు టైలర్ తాత. మొన్నటిదాకా ఐదో అంతస్తులో ఉండి, కింది వాటాలోకి మారిన మనిషి. చెవులు సరిగా వినపడవు. ఆమె భర్త అతన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. నోట్లో ఈల అలాగే ఉంది. ఊదితే పైనుంచి ముక్కలు పడతాయి, అది నోట్లో ఉండగా మాట రాదు.

ఆమె వెళ్లి రెండో రెక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి తాతను తాడు దాటించారు.

"ఈల ఉమ్మేసి అరవొచ్చు కదయ్యా!"

"తోచలేదే," అన్నాడతను బిక్కమొహం వేసి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తాత చేతిలో విరిగిన నీలం టైలు ఉంది. "మా ఆవిడ ఉన్నప్పుడు నాలుగు షాపులు తిరిగి తెచ్చుకుందమ్మా. ఒక్కటైనా మంచిది దొరుకుతుందేమోనని."

"అడిగితే తెచ్చివ్వనా బాబాయ్! ఆ టైళ్లున్న మీ వంటింటి గోడ ఇంకా పూర్తిగా పడలేదు."

సూపర్‌వైజర్ దిగివచ్చి తాడుకు అవతల ఇంకో వరస కట్టించాడు. మధ్యాహ్నం మేస్త్రమ్మ తనే ఉలి పట్టి, పదకొండు టైళ్లు చెక్కు చెదరకుండా ఊడదీసింది.

ఎవరికీ చిన్న గాయం కూడా కాకుండా ఆరో రోజుకు పని ముగిసింది. ఆ సాయంత్రం తాత మేస్త్రమ్మనూ ఆమె భర్తనూ ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చాడు. కుళాయి వెనక గోడకు నీలం టైళ్లు అంటించి ఉన్నాయి, కాస్త వంకరగా. టీలో చక్కెర మరీ ఎక్కువైంది. అయినా మేస్త్రమ్మ కాళ్లు చాపుకుని, ఇంకో కప్పు అడిగి తాగింది.